నాలుగ్గోడల పెట్టె

ఆ ప్రకటనలో ఒక పిల్లాడు పాలగ్లాసు ఎత్తి గటగటా తాగి, మూతికంటిన నురగ తుడుచుకుని నవ్వుతాడు. టీవీ ఉన్న ఇంట్లో ఆ నవ్వు తెలియనివాళ్ళు లేరు. సలోమి టీచరు దాన్ని తొమ్మిదో తరగతి గోడ మీద మామూలుగా ఒకసారి వేసి చూపించింది. పిల్లలు ఆవలించారు. అప్పుడు బల్ల మీదున్న పెట్టె మీట నొక్కింది.

బొమ్మ తన అంచులు దాటి పారడం మొదలుపెట్టింది. ఎడమ గోడ మీదికి గొడుగంత దీపమొకటి వచ్చింది, దాని కింద చెమటలు కక్కుతూ ఒక మనిషి. కుడి గోడ మీద, కిటికీల మధ్య, తెల్లటి అట్ట పట్టుకుని వెలుతురు పిల్లాడి మొహం మీదికి మళ్ళిస్తున్న అమ్మాయి. పిల్లలు వెనక్కి తిరిగేసరికి వెనక గోడ నిండా కెమెరా, దాని చుట్టూ అరడజను మంది. తరగతి గది ఇప్పుడు తరగతి గది కాదు. ఆ ప్రకటన తీసిన చోటు అది, పిల్లలందరూ దాని నట్టనడుమ కూర్చుని ఉన్నారు.

"టీచర్, కింద చూడండి, బకెట్టు!" అని అరిచాడు మొదటి వరసలో ఒకడు.

పాలు తాగే పిల్లాడి కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ బకెట్టు ఉంది. అందులో సగందాకా పాలు. అంతకుముందు ఎన్నిసార్లు తాగించారో అన్నిసార్లూ వాడు ఉమ్మేసినవి.

"కెమెరా పక్కన వాళ్ళమ్మేమో, బొమ్మ కారు ఊపుతోంది చూడండి. వాడు నవ్వింది పాలకి కాదు టీచర్, కారుకి!"

ఈ మాటన్నది అమూల్య. మూడో వరసలో కూర్చుంటుంది. అనవసరంగా నోరు విప్పదు, విప్పితే ఇలాంటిదే అంటుంది. గదంతా పగలబడి నవ్వింది. సలోమి కూడా నవ్వింది. ఏడాదిపాటు ఈ పాఠం చెబుతూ ఆమె ఆ గదిలో నవ్వు వినడం అదే మొదటిసారి.

మీడియా పాఠం హైస్కూళ్ళలోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. వార్త ఎలా తయారవుతుంది, ప్రకటన ఎవరితో మాట్లాడుతుంది, కెమెరా ఎక్కడ నిలబడింది, ఎందుకక్కడ నిలబడింది, ఇవన్నీ పుస్తకంలో బాగానే రాశారు. కానీ పుస్తకం చదివి కెమెరాని అనుమానించడమంటే ఈత గురించి చదివి కాలవలో దూకడమే. పెదరేవు హైస్కూల్లో ఆ పాఠం ఎవరూ తీసుకోకపోతే ఫిజిక్స్ చెప్పే సలోమి తీసుకుంది. విజయవాడలో బోధనోపకరణాలు తయారుచేసే కేంద్రానికి వెళ్ళి, "మీరిచ్చిన చార్టులు గోడకి బాగున్నాయి, పిల్లలకి పనికిరావడం లేదు" అని మొహం మీదే చెప్పింది. అక్కడ ఆ మాటకి కోపం తెచ్చుకోనివాడు ఒక్కడే, ఇంతియాజ్. వెలుతురు మీద పరిశోధన చేసి, పెద్ద ఉద్యోగాలు వద్దనుకుని, బడిపిల్లల సామాన్లు తయారుచేస్తూ కూర్చున్న కుర్రశాస్త్రవేత్త.

"మీకు చూపించాల్సింది ఒకటుంది మేడమ్" అని ఆమెని ప్రయోగశాలలోకి తీసుకెళ్ళాడు. అది ఇంట్లో సరదాగా తీసిన వీడియో. అందులో ఒక స్టీలు గ్లాసు తప్ప ఏమీ లేదు. పెట్టె మీట నొక్కగానే గ్లాసు చుట్టూ గోడల మీద వంటగది పరుచుకుంది. పొయ్యి, ఉల్లిపాయల బుట్ట, తలుపు దగ్గర నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డ పెద్దావిడ.

"మా అమ్మ. వెలుతురు దేనిమీదైనా పడి, అక్కడినుంచి ఎగిరి, ఇంకోదాని మీద పడుతూనే ఉంటుంది కదండీ. ఈ గ్లాసు మీద పడిన వెలుతురులో కొంత మా అమ్మ చీర మీంచి వచ్చిందే. మన కంటికి అది ఉత్త మెరుపు. ఈ పెట్టె ఆ మెరుపుని ఏరి, ఎవరి సొమ్ము వాళ్ళకి పంచిపెడుతుంది. వెలుతురు తగలనిచోట బూడిదరంగు వదిలేస్తుంది, ఊహించి నింపదు. వీడియో ఎంతసేపుంటే అంతసేపే. దానికి ముందూ వెనకా ఏం జరిగిందో దీనికి తెలీదు."

"మీ అమ్మగారు ఎందుకు కోపంగా ఉన్నారు?"

"పెళ్ళి చేసుకోరా అంటే గ్లాసుకి ఫొటోలు తీస్తున్నానని."

దానికతను పరిసరిణి అని పేరు పెట్టాడు. పెదరేవు పిల్లలు నాలుగ్గోడల పెట్టె అన్నారు. ఆ పేరే నిలిచింది.

ప్రయోగాత్మకంగా ఒక పెట్టె సలోమి బడికి వచ్చింది. పెట్టెని నడిపే పని పిల్లలదే. వంతులవారీగా ఒక్కో జట్టు ఒక వీడియో ఎంచుకుని, ముందు దాని గురించి తమ అంచనా చెప్పి, ఆ తర్వాతే మీట నొక్కాలి. వేలమందితో జరిగిందన్న సభలో ముందు రెండు వరసలే మనుషులనీ, వెనకంతా ఖాళీ కుర్చీలనీ చూశారు. అడవిలో ఒంటరిగా వంట చేసుకుంటున్నానని చెప్పే మనిషి వెనక మంచినీళ్ళ లారీ చూశారు. నెల తిరక్కుండా పెట్టె వేయకముందే వాళ్ళ అంచనాలు నిజమవడం మొదలైంది. ఇళ్ళ దగ్గర పిల్లలు వార్తలు చూడనివ్వడం లేదనీ, ప్రతిదానికీ "ఇది ఎవరు తీశారు, ఎందుకు తీశారు" అని ప్రాణం తీస్తున్నారనీ తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. సలోమికి అంతకన్నా పెద్ద మెప్పు అక్కర్లేదు.

విద్యాశాఖ కమిషనరు గారు స్వయంగా వచ్చి పాఠం చూస్తారనీ, నచ్చితే అన్ని హైస్కూళ్ళకీ పెట్టెలు పంపుతారనీ కబురొచ్చింది. ఆ వారంలోనే అమూల్య స్టాఫ్ రూం దగ్గరికి వచ్చింది.

"టీచర్, ఈసారి మా జట్టు వంతు. నేనో వీడియో తెచ్చాను."

ఫోను చేతికిచ్చింది. వీడియో కదలకముందే అదేదో సలోమికి తెలిసిపోయింది. పెదరేవులో తెలియనివాళ్ళు లేరు. పదేళ్ళ కిందట పాత బస్టాండు దగ్గర మూడంతస్తుల బట్టల కొట్టు తగలబడింది. ఎదుటి మేడ మీంచి ఎవరో ఫోనులో తీశారు. షట్టర్ల సందుల్లోంచి పొగ, లోపల ఆడవాళ్ళ కేకలు. ఖాకీ చొక్కా వేసుకున్న కాపలా మనిషి, నడుముకి తాళాలగుత్తి ఊగుతుండగా, కొట్టుకి వీపు చూపించి ఎడమ పక్కకి పరిగెడతాడు. బొమ్మలోంచి బయటికి పోతాడు. తర్వాత కాసేపు ఉత్త మంట. అంతే, పదకొండు సెకన్లు. 'తాళాలతో పారిపోయిన కాపలాదారు' అని పేరు పెట్టి నెలరోజులు అన్ని ఛానళ్ళూ వేశాయి. ఇద్దరు అమ్మాయిలు చనిపోయారు. లోపల మనుషులుండగా బయటినుంచి తాళం ఎందుకు వేయించావని కొట్టు యజమానిని ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ ప్రశ్నకి వీడియో లేదు.

"ఆయన మా నాన్న" అంది అమూల్య.

సలోమికి ఆ సంగతీ తెలుసు. ఆ పిల్ల నోటితో వినడమే కొత్త.

"మా నాన్న పారిపోయే మనిషి కాదు టీచర్. ఎడమ పక్కన ఏదో ఉంది. వెనక తలుపో, నీళ్ళ పంపో. మీరే కదా చెప్పారు, బొమ్మలో ఉన్నది కాదు, బొమ్మ వదిలేసింది చూడమని. కమిషనరు గారి ముందే వేద్దాం. అందరూ చూడనీ."

ఆ పిల్ల మొహంలో అనుమానమన్నది లేదు. సలోమికే భయం వేసింది. పెట్టె ఎవరి పక్షమూ కాదు. ఎడమ పక్కన ఉత్త రోడ్డు మాత్రమే ఉంటే?

"ముందు నన్ను చూడనీ" అంది.

శనివారం విజయవాడ వెళ్ళి, ఇంతియాజ్ ప్రయోగశాలలో వీడియో వేసింది. మంట వెలుగు అంతటా కొట్టడంతో పెట్టెకి పని తేలికైంది. చూస్తుండగానే గది పాత బస్టాండు వీధి అయింది. ఎడమ గోడ మీద సోడా కొట్టు, దాని పక్కన బట్టల కొట్టువాళ్ళదే ఇనప చట్రానికి కట్టిన పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ అంటుకుంది, చట్రం రోడ్డు మీదికి ఒరుగుతోంది. సరిగ్గా దాని కింద, ఖాళీ సోడా పెట్టె మీద, పసుపుపచ్చ గౌను వేసుకున్న చిన్నపిల్ల. ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని మంటకేసి నోరు తెరుచుకుని చూస్తోంది.

కాపలా మనిషి ఆ పిల్లకేసి పరిగెత్తాడు. రెండు చేతులతో ఎత్తాడు. అక్కడితో గోడలు తెల్లబడ్డాయి.

ఇంతియాజ్ చప్పట్లు కొట్టాడు. "మేడమ్! పారిపోలేదు, పిల్లని కాపాడాడు! ఈ పెట్టె చేసినవాటిలో ఇంతకన్నా గొప్ప పని లేదు. కమిషనరు గారికి ఇదొక్కటి చాలు."

సలోమి వీడియో మళ్ళీ వేసి, పిల్ల మొహం దగ్గర ఆపింది. ఎడమ కనుబొమ మీది మచ్చ రోజూ మూడో వరసలో కనిపించేదే.

"ఆ పిల్ల ఎవరో తెలుసా ఇంతియాజ్? ఈ వీడియో వేయమని అడిగిన పిల్లే."

అతని చేతులు కిందికి దిగాయి.

అమూల్య తండ్రి తాతారావు కాలవ ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. కాపలా పనికి అతన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఆదివారం మధ్యాహ్నం సలోమి వెళ్ళేసరికి భుజాన తడి గోనె వేసుకుని, ఇనప కొక్కెంతో ఐసు దిమ్మల్ని లారీలోకి లాగుతున్నాడు. అమూల్య టీచరని తెలిసి చేతులు తుడుచుకుని వచ్చాడు.

"పిల్ల ఏవన్నా చేసిందా అండీ?"

"లేదు తాతారావు గారూ. చాలా బాగా చదువుతుంది." ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. పెట్టె సంగతి, వీడియో సంగతి, ఎడమ గోడ మీద కనిపించిన పసుపు గౌను సంగతి.

అతను భుజం మీది గోనె తీసి కింద వేశాడు.

"సోడా కొట్టాయన తప్ప దాన్నక్కడ చూసినోళ్ళు ఎవరూ లేరనుకున్నానండీ, ఆయన బయటపెట్టలేదు. అందరి కళ్ళూ మంట మీదే ఉన్నాయి. దానికీ గుర్తులేదు. ఆ రోజు మా ఇంటిది రొయ్యల కంపెనీలో రెండో షిఫ్టు. పిల్లని కొట్టు దగ్గరికి తేవద్దని షావుకారు ముందే చెప్పాడు. అందుకని కనపడకుండా అటు పక్కన కూర్చోబెట్టాను."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు? బిడ్డ కోసం వెళ్ళానంటే ఎవరు తప్పుపడతారు?"

"పోయినోళ్ళ తల్లులు తప్పుపడతారండీ." అతని గొంతు పెరగలేదు. "అది సరే. నన్ను పిరికోడంటే దానికి నాలుగు రోజులు ఏడుపొస్తది, మర్చిపోద్ది. తన మూలంగా ఇద్దరు పోయారని తెలిస్తే మర్చిపోద్దా? ఈ ఒక్కటీ దానికి తెలీకూడదు. మాటివ్వండి టీచరుగారూ."

సలోమి మాటిచ్చింది. బస్సులో తిరిగొస్తూ, ఇవ్వకుండా ఉండాల్సిందని అనుకుంది. కానీ ఇచ్చింది.

సోమవారం అమూల్య అడగ్గానే, "ఆ వీడియో బాగా మసగ్గా ఉందమ్మా. పెట్టెకి అందలేదు, అంతా బూడిదే వచ్చింది. వేరేది చూసుకో" అంది.

"సరే టీచర్" అని వెళ్ళిపోయింది అమూల్య.

ఆ పిల్లకి నేర్పిన పాఠం సలోమికి ఆ క్షణంలో గుర్తులేదు. చెప్పింది ఎవరు, వాళ్ళకి చెప్పాల్సిన అవసరమేమిటి, చెప్పేటప్పుడు కళ్ళు ఎటు చూశాయి. మంట ఉన్న వీడియో మసగ్గా ఎలా ఉంటుంది? అమూల్య వరండా చివరిదాకా నడిచేలోగా ఈ ప్రశ్నలన్నీ అడిగేసుకుంది. పెట్టె బీరువా తాళం ఆ వారం వాళ్ళ జట్టు దగ్గరే ఉంది.

బడి వదిలాక సలోమి సంతకం పెట్టి బయటికి వస్తుంటే తొమ్మిదో తరగతి గదిలోంచి కేకలు వినపడ్డాయి. పరిగెత్తింది. తలుపు తీసేసరికి నాలుగు గోడలూ మండుతున్నాయి. గది మధ్యలో యూనిఫాంలో అమూల్య, ఎడమ గోడకి ఎదురుగా నిలబడి ఉంది. ఆమెకి ఎదురుగా పసుపు గౌను పిల్ల. ఖాకీ చొక్కా మనిషి వచ్చి ఎత్తుకోగానే గోడలు తెల్లబడ్డాయి. అమూల్య మీట నొక్కింది. మళ్ళీ మంట. మళ్ళీ కేకలు. ఎన్నిసార్లు చూసిందో తెలియదు.

సలోమి వెళ్ళి పెట్టె ఆపేసింది.

"ఆ గౌను మా ఇంట్లో ఉంది టీచర్" అంది అమూల్య. "అమ్మ ఎవరికీ ఇవ్వకుండా దాచింది. ఒకవైపు అంచు కాలి ఉంటుంది. ఇస్త్రీ పెట్టె అంటుకుందని చెప్పింది."

"అమూల్యా..."

"మీరు నాతో అబద్ధం చెప్పారు."

"చెప్పాను."

"ఎందుకు?"

"మీ నాన్న అడిగారు. నువ్వు తట్టుకోలేవని ఆయన భయం. నాదీ అదే భయం. తప్పు చేశాను. నీతో ఆ మాట అనకుండా ఉండాల్సింది."

అమూల్య ఏడవలేదు. "ఎత్తుకున్నాక ఏమైంది? ఇక్కడ ఆగిపోతోంది."

"వీడియో అంతే ఉంది. తర్వాతది పెట్టెకి తెలీదు. తెలిసింది మీ నాన్న ఒక్కరికే."

మర్నాడు అమూల్య బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంట్లో నాన్న వచ్చే వేళకి ముసుగుతన్ని పడుకుంటోందనీ, అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోందనీ, ఏమైందంటే చెప్పడం లేదనీ తల్లి వచ్చి చెప్పింది. ఒక సాయంత్రం పాత బస్టాండు దగ్గర, ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టుగా మారిన ఆ మేడ ముందు, ఒక్కతే నిలబడి ఉండగా తోటిపిల్లలు చూశారు. గుమ్మం నుంచి సోడా కొట్టు దాకా నడుస్తోందట. తిరిగి వస్తోందట. మళ్ళీ నడుస్తోందట.

సలోమి ఇంతియాజ్‌కి ఫోన్ చేసి, ఈ పాఠం ఆపేస్తానంది.

"ఆపేయమంటే ఆపేద్దాం మేడమ్. పెట్టె తీసుకొచ్చి పగలగొట్టమన్నా పగలగొడతాను. కానీ ఆ పిల్ల చూసింది చూసింది. సగమే చూసింది. మిగతా సగం మనిషి నోట రావలసిందే. నా పెట్టెల్లో అది లేదు."

అతను చెప్పింది నిజం. సలోమి అమూల్య ఇంటికి వెళ్ళి, ముసుగు తీసి లేవదీసి, "పద, మీ నాన్న దగ్గరికి" అంది. అమూల్య మారు మాట్లాడకుండా చెప్పులేసుకుంది. ఆ పిల్ల ఎదురుచూస్తున్నది అదేనేమో.

ఐసు ఫ్యాక్టరీలో తాతారావు కూతుర్ని చూడగానే కొక్కెం కింద పెట్టేశాడు. పక్కనున్న సలోమిని చూశాడు. ఏం జరిగిందో అర్థమైపోయింది.

"మాటిచ్చారు కదండీ."

"ఇచ్చాను. మీకోసం అబద్ధం కూడా చెప్పాను. మీ అమ్మాయి నమ్మలేదు."

"నమ్మకుండా నేర్పింది మీరేగా" అన్నాడు. ఆ మాటలో కోపం కంటే ఇంకేదో ఎక్కువుంది.

"నాన్నా, నేనక్కడ కూర్చోకపోతే వాళ్ళిద్దరూ బతికేవాళ్ళా?" అనడిగింది అమూల్య. నాలుగు రోజులుగా గొంతులో పెట్టుకుని తిరిగిన ప్రశ్న.

తాతారావు పక్కనున్న గోనెల మీద కూతుర్ని కూర్చోబెట్టి, తను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు కూర్చోలేదమ్మా. నేను కూర్చోబెట్టాను. నాలుగేళ్ళ పిల్లకి ఎక్కడ కూర్చోవాలో తెలుస్తదా? తాళం వేసింది నువ్వు కాదు, వేయించింది నువ్వు కాదు, మంట పెట్టింది నువ్వు కాదు. నువ్వు టిఫిన్ క్యారియర్ పట్టుకుని నాన్న కోసం చూస్తన్నావు, అంతే."

"తర్వాత?"

"నిన్ను సోడా కొట్టులోకి విసిరినట్టే పెట్టి వెనక్కి వచ్చాను. తాళంలో చెవి పెట్టాను. తిరగలా. వేడికి బిగిసిపోయింది. చేత్తో పట్టుకుంటే తోలూడొచ్చింది. సోడా కొట్టాయన గునపం తెచ్చాడు. నేనూ, ఇంకో ఇద్దరూ కలిసి షట్టరు పెకలించాం. లోపలినుంచి ఒక్కొక్కళ్ళే వచ్చారు. రజియా రాలేదు. వెంకటలక్ష్మి రాలేదు. లోపలికి పోబోతే నన్ను పట్టుకుని ఆపేశారు. తిరిగొచ్చానంటే ఎటు పోయొచ్చావని అడుగుతారని, ఇది ఎవరికీ చెప్పలా." అరచేతులు తెరిచి చూపించాడు. ఐసు పనివల్ల బండబారాయని అమూల్య ఎప్పుడూ అనుకునే చేతులు. "నీకోసం పరిగెత్తిన ఆ కాసేపు ముందు తాళం తీస్తే తిరిగేదా? వాళ్ళు బతికేవోళ్ళా? నాకు తెలీదు. పదేళ్ళనుంచి లెక్కేస్తన్నాను, తెలీదు. తెలీదన్న సంగతి కూడా నీకు నేనే చెప్తన్నాను. ఇంక నువ్వు లెక్కెయ్యమాక."

అమూల్య అప్పుడు ఏడ్చింది. తండ్రి భుజం మీది తడిగోనెలో మొహం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. సలోమి లారీ అవతలికి వెళ్ళి నిలబడింది.

ఏడుపు అయ్యాక ఆ పిల్ల అన్న మొదటి మాట, "నాన్నా, ఇది మా క్లాసులో చెప్తావా?"

"నేనా? బళ్ళోనా?" తాతారావు కంగారుపడ్డాడు. "వద్దమ్మా. ఆ మంట నేను మళ్ళీ చూడలేను."

"పెట్టె వేయను. నువ్వు చెప్పు చాలు."

అతను ఆలోచించాడు. "ముందు రజియా వాళ్ళమ్మని అడగాలి" అన్నాడు.

వెంకటలక్ష్మి వాళ్ళు ఎప్పుడో ఊరు విడిచి వెళ్ళిపోయారు. రజియా తల్లి ఖతీజాబీ మాత్రం అదే వీధిలో ఉంది. తండ్రీ కూతుళ్ళు మర్నాడు పొద్దున వెళ్ళారు. ఆవిడ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. తాతారావు నిలబడే అంతా చెప్పాడు. పసుపు గౌను సంగతి కూడా. ఆవిడ అమూల్య మొహంలోకి తేరిపార చూసింది.

"నువ్వు పారిపోయావని నేనెన్నడూ అనలేదు తాతారావూ. షట్టరు లాగినవాళ్ళలో మా తమ్ముడున్నాడు, నీ చేతులు చూశాడు. కానీ ఒక్కసారైనా వచ్చి నాతో చెబుతావని చూశాను. పదేళ్ళు చూశాను. రాలేదని మాత్రం నీ మీద కోపం ఉంది." చింతపండు పళ్ళెం పక్కకి జరిపింది. "కూర్చోండి. చెప్పాల్సిన చోటల్లా చెప్పు. మా రజియా పేరు కూడా చెప్పు. టీవీ వాళ్ళు నీ పేరు చెప్పారు గానీ దాని పేరు చెప్పలేదు."

కమిషనరు గారు వచ్చిన రోజు తొమ్మిదో తరగతి గది కిటకిటలాడింది. హెడ్‌మాస్టరు, పక్క బళ్ళ టీచర్లు, గోడకానుకుని ఇంతియాజ్. మొదట మామూలు పాఠాలు నడిచాయి. సబ్బు ప్రకటన ఒకటి, వరద వార్త ఒకటి. పెట్టె గోడలు దాటి పరుచుకున్నప్పుడల్లా కమిషనరు గారు పక్కలకీ వెనక్కీ తిరిగి చూస్తూ పిల్లలతో పాటు నవ్వారు. ఆవిడకి నచ్చిందని అందరికీ తెలిసిపోయింది.

చివర్లో అమూల్య లేచింది. పదకొండు సెకన్ల వీడియోని పెట్టె లేకుండా, శబ్దం లేకుండా, తండ్రి బయట ఉండగానే ఒక్కసారి వేసింది.

"ఇది మీరందరూ చూసిందే. అంచనాలు చెప్పండి."

ఆ మనిషి ఎవరో పిల్లలందరికీ తెలుసు. చివరికి ఒకమ్మాయి, "కెమెరా పైనుంచి తీశారు, అందుకే ఎడమ పక్క కనపడలేదు" అంది. ఇంకొకడు, "పారిపోయిన అని పేరు ముందే పెట్టి చూపించారు. పేరు లేకపోతే పరిగెత్తుతున్నాడనే అంటాం" అన్నాడు. "ఆయన తిరిగొచ్చాడేమో, ముందే ఆపేశారు" అంది మరో పిల్ల.

"ఎడమ పక్కన నేనున్నాను" అంది అమూల్య. ఎక్కడ, ఎలా కూర్చుని ఉందో, ఫ్లెక్సీ ఎలా ఒరిగిందో నాలుగు మాటల్లో చెప్పింది. ఒకచోట ఆగి, మళ్ళీ చెప్పింది.

కమిషనరు గారు పెట్టె కేసి చూశారు. "ఇంత ముఖ్యమైనదానికి పరికరం వాడటం లేదేమిటమ్మా?"

"వాడి చూశానండీ. అది బొమ్మకి పక్కన ఉన్నదే చూపిస్తుంది. తర్వాత జరిగింది దానికి తెలీదు. తెలిసినాయన్ని పిలిచాను." అమూల్య తలుపు దగ్గరికి వెళ్ళింది. "రా నాన్నా."

తాతారావు ఉతికిన తెల్లచొక్కాలో వచ్చి, గుమ్మం లోపల ఒక అడుగు వేసి అక్కడే నిలబడ్డాడు. వెళ్ళిపోవడానికి వీలుగా నిలబడ్డట్టుంది. ముందు రజియా పేరు చెప్పాడు, వెంకటలక్ష్మి పేరు చెప్పాడు. తర్వాత కూతురికి చెప్పినట్టే, ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా, తాళం చెవి తిరగకపోవడం దాకా, గునపం దాకా, ఆ ఇద్దరూ రాకపోవడం దాకా చెప్పాడు. ముందే తీస్తే బతికేవాళ్ళేమో తెలీదన్న మాట కూడా దాచలేదు.

ఆ పాఠం తర్వాత పెట్టెలు చాలా బళ్ళకి వెళ్ళాయి. వీడియోలో ఉన్న మనిషిని అడక్కుండా పెట్టె వేయకూడదన్న నియమం వాటితోపాటే వెళ్ళింది. దాన్ని ఇంతియాజ్ రాశాడు. వేసిన ప్రతిసారీ ముందు ఆ మాట గోడ మీద కనపడేలా పెట్టెనే మార్చాడు. కానీ ఆ మధ్యాహ్నం గదిలో ఎవరూ పెట్టె గురించి ఆలోచించలేదు.

మొదటి వరసలో ఒకడు మెల్లగా చెయ్యెత్తాడు. సలోమి వద్దనబోయింది. అమూల్య "అడుగు" అంది.

"అంకుల్, మళ్ళీ అలాగే జరిగితే మీరు ఎటు పరిగెత్తుతారు?"

పదేళ్ళలో తాతారావుని చాలామంది చాలా అడిగారు. ఎందుకు పారిపోయావని అడిగారు, సిగ్గులేదా అని అడిగారు. ఇది ఎవరూ అడగలేదు. అతను కూతురి కేసి ఒకసారి చూసి, ఆ కుర్రాడి వైపు తిరిగాడు.

"ముందు దీన్ని తీస్తాను బాబూ. తర్వాత తాళం తీస్తాను. అప్పుడూ అదే చేశాను."

ఆ మాట అతను బయటికి అనడం అదే మొదటిసారి.

"ఇంకెవరైనా అడగాలా?" అంది అమూల్య.

చేతులు లేచాయి. ఒకటి, రెండు, తర్వాత వరసలన్నిటా. తాతారావు వాటిని చూశాడు. గుమ్మం దగ్గరినుంచి గదిలోకి నడిచి, టీచరు బల్ల పక్కన ఉన్న కుర్చీ లాక్కుని, పిల్లలకి ఎదురుగా కూర్చున్నాడు.